టోపీల సినిమాకి నేను చెప్పిన తెలుగు

ఆ రోజుల్లో మా కారంపూడిలో ఇంగ్లీషు వచ్చినవాడికీ, వచ్చని ఊరు నమ్మినవాడికీ మధ్య పెద్ద తేడా ఉండేది కాదు. పరీక్ష పెట్టి చూసేవాళ్ళు లేకపోవడం ఒక కారణం. నమ్మడం అనే పనిని జనం ఇప్పటికంటే తీరిగ్గా, మనసుపెట్టి చేయడం రెండో కారణం. ఇప్పుడు ఫోను మీద వేలు ఆనిస్తే ఏ దేశపు మాటైనా తెలుగై పలుకుతోంది. అప్పుడు ఆ ఫోను చేసే పని మనుషులే చేసేవాళ్ళు, వాళ్ళలో నేనొకణ్ణి. ఫోనుకీ నాకూ ఉన్న తేడా అల్లా, ఫోనుకి ఇంగ్లీషు వచ్చు. (ముప్ఫై ఏళ్ళుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న పంతులు ఇట్లాంటివి రాయకూడదు. రిటైర్మెంటు దగ్గర పడింది గనక ధైర్యం చేస్తున్నాను.)

ఇంటర్ రెండో ఏడు ఇంగ్లీషులో తప్పి ఇంటికొచ్చిన సంవత్సరం అది. మా అమ్మ నేను తప్పానని ఎవరికీ చెప్పలేదు, 'ఇంటర్ అయిపోయింది' అని మాత్రం చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు, ఇంటర్ నిజంగానే అయిపోయింది. ఊరికే అరుగుల మీద కూర్చుంటే చెడిపోతానని నన్ను తీసుకెళ్ళి బస్టాండు వెనక ఉండే మోటార్ల మామకి అప్పజెప్పింది. మోటార్ల మామ అంటే కాలిపోయిన పంపుసెట్టు మోటార్లకు రాగితీగ చుట్టే మెకానిక్కు. మా వీధి చివర ఉండే సాయిబుల ఇల్లు వాళ్ళది. మా అమ్మని అక్కా అనేవాడు కాబట్టి నాకు మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. ఆ ఏడు ఆయన గుంటూరు నుంచి ఒక వీసీఆరూ, ఒక కలర్ టీవీ తెచ్చి, షెడ్డు పక్క రేకుల పాకలో గోనెపట్టాలు పరిచి వీడియో హాలు పెట్టాడు. నా పని కేసెట్లు వెనక్కి తిప్పడం, వీసీఆర్ హెడ్డు స్పిరిటు గుడ్డతో తుడవడం, రిక్షాలో మైకు పట్టుకుని సినిమా పేరు అరవడం. ఇంగ్లీషు అవసరమయ్యే పని వాటిలో ఒక్కటీ లేదు, అందుకే ఆ ఉద్యోగం నాకు చాలా నచ్చింది.

దసరా వెళ్ళిన వారంలో మామ గుంటూరు షాపు నుంచి ఒక తెలుగు జానపద సినిమా కేసెట్ తెప్పించాడు. కత్తులు, గుర్రాలు, ఒక మాంత్రికుడు ఉన్నారని చెప్పి పొద్దున్నుంచీ ఊరంతా అరిచాను. మ్యాట్నీకి పాక నిండిపోయింది. తలుపేసి కేసెట్ పెట్టగానే టీవీలో గుర్రాలొచ్చాయి, జనం ఈలలు వేశారు. కాసేపటికి ఈలలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. గుర్రాల మీద ఉన్నవాళ్ళకి కిరీటాలు లేవు, పెద్ద పెద్ద టోపీలున్నాయి. మాంత్రికుడు ఎంతకీ రాడు. తీసి చూస్తే పైన అట్టపెట్టె తెలుగుది, లోపల కేసెట్ ఇంగ్లీషుది. అది లోకమంతా మెచ్చిన పాత సినిమా అనీ, పెద్ద పెద్ద హాళ్ళలో ఆడీ ఆడీ అప్పుడే కొత్తగా ఇళ్ళల్లో చూసుకునేందుకు కేసెట్‌గా విడుదలైందనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అంత గొప్ప సినిమా దారి తప్పి మా గోనెపట్టాల మీదకొచ్చి పడింది.

కేసెట్ మార్చుకు రావాలంటే మర్నాటి దాకా ఆగాలి. పాకలో జనం అప్పుడే గొంతు పెంచుతున్నారు, వాళ్ళేమంటున్నారో మాకు చెప్పేదెవరని ఒకాయన లేచి అడిగాడు. మామ పాకంతా ఒకసారి చూసి, చివరికి నన్ను చూశాడు. రిక్షా మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇంటర్ చదివినవాడివి నువ్వే గదా, చెప్పమన్నాడు. నేను ఆయన చెవి దగ్గరికెళ్ళి, అమ్మ దాచిన రహస్యం బయటపెట్టేశాను. మామ ఏమాత్రం తొణకలేదు.

"తప్పితే తప్పావులే. చదివే గదా తప్పింది. చెప్పు అల్లుడూ, వీళ్ళేమన్నా అమెరికా పోయి అడిగొస్తారా?"

టీవీలో మండే ఎండ, దుమ్ము, ముళ్ళకంప, మధ్యలో ఒక బావి. ఇవేవీ మాకు కొత్త కాదు. బావి దగ్గర పెద్ద టోపీ ఆయన నిలబడి ఉన్నాడు, చిన్న టోపీ కుర్రవాడు గుర్రం దిగి వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకున్న ఇరవై ముప్ఫై మాటల్లో నాకు తెలిసింది ఒక్కటే, 'వాటర్'. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ ఒక్క మాట పట్టుకున్నాను. పెద్ద టోపీ వాడు అన్న, చిన్న టోపీ వాడు తమ్ముడు, ఇద్దరికీ నీళ్ళ కాడ తగాదా అని మైకులో చెప్పాను. పాక మొత్తం 'ఆఁ, అదీ' అని సర్దుక్కూర్చుంది. పల్నాట్లో నీళ్ళ తగాదా అంటే ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి నాకు ఎదురు లేకపోయింది. ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకుని ఒకడు వస్తే వాణ్ణి కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరు చేశాను. టోపీల వాళ్ళు ఒక ఆఫీసులోంచి మూటలు గుర్రాల మీద వేసుకుని పారిపోతుంటే, సొసైటీ వాళ్ళు మిరప విత్తనాలు ఇవ్వకుండా తిప్పుతున్నారు, వీళ్ళు ఎత్తుకుపోతున్నారని చెప్పాను. ఆ ముక్కకి చప్పట్లు కొట్టారు. (సొసైటీ గుమాస్తా కూడా పాకలోనే ఉన్నాడు. పాపం, ఆయనా కొట్టాడు.)

ఆ కేసెట్ వారం దాకా వెనక్కి వెళ్ళలేదు. ఊళ్ళో దానికి 'టోపీల సినిమా' అని పేరు పడింది, చూసినవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆటకొక మెరుగు పెడుతూ పోయాను. అన్నని మరీ దుర్మార్గుణ్ణి చేశాను, తమ్ముడి చేను ఎండుతుంటే నవ్వేవాడిగా చెప్పాను. జనం అన్నని తిట్టేకొద్దీ నాకు ఉత్సాహం పెరిగేది. అయితే ఆ కథ నేను పుట్టించింది కాదు. మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథే తీసుకుని టోపీలు పెట్టాను, అంతే.

మా అమ్మకి వరసకి బావ అయ్యే ఒక పెద్ద రైతు ఉండేవాడు, నాకు పెదనాన్న. కాలవ తూము దగ్గర మంచమేసుకుని కాపలా ఉంటాడని ఊరంతా ఆయన్ని తూము పెదనాన్న అనేది. ఆయన చేను పైన, ఆయన తమ్ముడి చేను కింద, రెండిటికీ నీళ్ళొచ్చే పంటబోదె ఒకటే. ఏడేళ్ళ కిందట అన్న వంతు పూర్తి కాకుండానే తమ్ముడు బోదెకు గండి కొట్టి తన చేలోకి నీళ్ళు పెట్టుకున్నాడు. మహా అయితే అరగంట నీళ్ళు. ఆ అరగంటకి ఏడేళ్ళుగా మాటల్లేవు. అప్పట్నుంచీ పెదనాన్న తన చేను బురదయ్యేదాకా తడిపి, మిగిలితేనే కిందికి వదిలేవాడు. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. ఆ తమ్ముడు, అంటే మా చిన్నాయన, నాటిన మిరప మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి, ఇంకొక్క వారంలో తడి అందకపోతే ఆ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇదంతా తెలిసీ ఆ కథని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను, పద్దెనిమిదేళ్ళ వయసుకి బుద్ధి అంతే ఉంటుంది.

నాలుగో రోజు మ్యాట్నీకి తూము పెదనాన్న వచ్చాడు. చేతిలో పార. నేరుగా పొలం నుంచి వచ్చాడు కాబోలు, దానికి మట్టి ఇంకా తడిగా ఉంది. వచ్చి ముందు వరసలో, నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని పారని పక్కన పడుకోబెట్టాడు. ఇంకో ఐదు నిమిషాలకి చిన్నాయన వచ్చి అటుచివర కూర్చున్నాడు. పాకలో ఒక్కరూ టీవీ చూడటం లేదు. ఆయన్నీ, ఈయన్నీ, మధ్యలో మైకు పట్టుకున్న నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. పెద్ద టోపీ ఆయన బావి దగ్గరికి రానే వచ్చాడు.

"ఈయన అన్న. చాలా మంచివాడు" అన్నాను.

మూడు ఆటలు చూసిన ఒకాయన వెనక నుంచి అందుకున్నాడు. "నిన్న చెడ్డోడన్నావు గదరా?"

నిన్న సగమే చెప్పాను, మిగతా సగం ఇవాళ చెబుతున్నానన్నాను. చెప్పక తప్పలేదు. అన్నకి నీళ్ళ మీద ఆశ లేదన్నాను. చిన్నప్పుడు తమ్ముణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని కాలవ దాటించిన మనిషి, అడిగితే వంతు మొత్తం ఇచ్చేసేవాడు, అడక్కుండా తీసుకున్నాడే అని మనసు కష్టపెట్టుకున్నాడని చెప్పాను. మొదట భయం కొద్దీ మొదలుపెట్టిన మాటలే అవి. చెబుతూ ఉంటే మాత్రం అంతకుముందు మూడు రోజులూ నేను చెప్పిందే అబద్ధమనీ, ఇదే అసలు కథ అనీ నాకే అనిపించింది. చివర్లో ఇద్దరూ ఎండలో ఎదురెదురుగా తుపాకుల మీద చేతులు వేసుకుని చాలాసేపు నిలబడతారు. ఉన్నట్టుండి పెద్దాయన టోపీ తీసి నేల మీద పడేస్తాడు, ఏదో ఒక మాట అంటాడు, చిన్నవాడు నవ్వుతాడు. ఆ మాట ఏమిటో నాకు అక్షరం తెలియదు. 'తమ్ముడూ, ముందు నీ చేను తడవనీ' అంటున్నాడని మైకులో చెప్పాను.

పెదనాన్న లేచాడు, పార భుజాన వేసుకున్నాడు, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. చిన్నాయన తల వంచుకుని గోనెపట్టా పోగులు పీకుతూ కూర్చున్నాడు. మామ నన్ను పక్కకి పిలిచి, రెండు రోజులు మీ అమ్మమ్మ ఊరు పోయి రమ్మన్నాడు. అక్కడికెళ్ళే వినుకొండ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను షెడ్డులో కాలిపోయిన మోటార్ల వెనక కూర్చుని ఉండగా (దాక్కుని అని రాయడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు) పెదనాన్న వచ్చాడు. పార ఉంది. నన్ను ఇట్రా అని పిలిచాడు. వెళ్ళాను.

"బొమ్మ అయిపోయినాక ఏమైందిరా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"వాడు టోపీ తీశాడు గదా. తమ్ముడు మాట్లాడాడా, లేదా?"

సినిమా అక్కడితో సరి. చెరొక గుర్రమెక్కి పోతారు, పేర్లు పడతాయి. నిజం ఒప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకదని తెలుసు. కానీ ఆయన మొహం చూశాను. తిట్టడానికి వచ్చిన మొహం కాదది. తెలవారకముందే లేచి ఆ ఒక్క ప్రశ్న మోసుకుంటూ రెండు మైళ్ళు నడిచొచ్చిన మొహం.

"మాట్లాడాడు పెదనాన్నా. పోతా పోతా, అన్నం తిని పోదాం రా అన్నాడు."

"తమ్ముడే అన్నాడా?"

"తమ్ముడే."

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. పది గంటలకల్లా ఊళ్ళో తెలిసిపోయింది, పెదనాన్న తన చేను సగంలో ఆపి, బోదెకి అడ్డు తీసి, నీళ్ళన్నీ కిందికి వదిలేశాడని. మధ్యాహ్నం చిన్నాయన గట్టు మీదికొచ్చి అన్నని భోజనానికి పిలుచుకుని వెళ్ళాడని కూడా తెలిసింది. అన్నం తిని పోదాం రా అన్న మాట నేను పెదనాన్నకి ఒక్కడికే చెప్పాను. చిన్నాయన అది వినలేదు. వినకుండానే నా అబద్ధాన్ని నిజం చేసి పెట్టాడు. ఆ రోజు ఎవరికి దండం పెట్టాలో తెలియక, వీసీఆర్‌కి పెట్టుకున్నాను.

ఆ తర్వాత నా ఇంగ్లీషు కీర్తి నా చేతుల్లో లేకుండా పోయింది. మోటారుతో వచ్చిన కాగితాలు, పురుగుమందు డబ్బాలు పట్టుకుని జనం షెడ్డు ముందు నిలబడేవాళ్ళు. టోపీల వాళ్ళ మాటకైతే ఏ తెలుగైనా చెల్లుతుంది, మందు డబ్బా మీద రాతకి చెల్లదు. ఎంత కలపాలో తప్పు చెబితే చేను మాడిపోతుంది. మొదటి డబ్బా తెచ్చింది తూము పెదనాన్నే, తనకోసం కాదు, తమ్ముడి చేనుకోసం. సాయంత్రం చెబుతానని చెప్పి, నరసరావుపేట బస్సెక్కి ఒక డిక్షనరీ కొనుక్కొచ్చాను. ఒక్కో డబ్బా ఒక్కో పాఠం అయింది. మార్చిలో పరీక్ష మళ్ళీ రాస్తే పాసయ్యాను, తర్వాత చదువులు చదివి గురజాల దగ్గర పంతులుద్యోగంలో కుదురుకున్నాను. నన్ను ఇంగ్లీషు మాస్టారుని చేసింది కాలేజీ కాదు, నన్ను నమ్మిన ఆ మనుషులే. ఆ నమ్మకానికి తగ్గట్టు ఎదగడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

అన్నదమ్ములిద్దరూ మళ్ళీ విడిపోలేదు. ఒకే తూము దగ్గర రెండు మంచాలు పడ్డాయి. ఎవరడిగినా పెదనాన్న, మేము టోపీల సినిమా చూసి కలిశామనే చెప్పేవాడు. రెండేళ్ళ కిందట చిన్నాయన పోయాడు. పెదనాన్నకి తొంభై దగ్గర పడుతోంది, కళ్ళకి ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే ఉంది గానీ ఆ రెండో మంచం ఎత్తనివ్వడు.

పోయిన నెలలో మా ఇంట్లో టీవీ తిప్పుతుంటే ఆ బావి, ఆ టోపీలు కనపడ్డాయి. ఆ పాత సినిమాని శుభ్రంగా కడిగి, రంగులు తేర్చి, ఇళ్ళల్లో చూసుకోవడానికి మళ్ళీ విడుదల చేశారట, ఈసారి తెలుగు మాటలతో సహా. సంతోషం పట్టలేక పెదనాన్న మనవరాలికి ఫోన్ చేసి చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక గానీ కూర్చుని సినిమా చూడలేదు. చూశాక తెలిసింది. వాళ్ళు అన్నదమ్ములు కారు. ఇద్దరూ బ్యాంకు దొంగలు. మూటల్లో ఉన్నది బంగారం. నా లస్కరు పోలీసు. ఆఖర్న టోపీ తీసి పెద్దాయన అనే మాట, సగం నీకు సగం నాకు అని. ఇంతలో మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది. "తాత ఆదివారం చూస్తాడంట మాస్టారూ. 'నేనూ మా తమ్ముడూ చూసిన బొమ్మ, ఇంకోసారి చూడాలి' అంటున్నాడు. మిమ్మల్ని పక్కన కూర్చోమన్నాడు."

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయనకి మిగిలింది తమ్ముడి జ్ఞాపకమే, దాని మొదట్లో ఉన్నది నా అబద్ధం. నరసరావుపేటలో కొడుకు దగ్గరుంటున్న మోటార్ల మామకి ఫోన్ చేసి, వీళ్ళేమన్నా అమెరికా పోతారా అన్నావు, ఇప్పుడు అమెరికావాళ్ళే మన ఇంటికొచ్చి తెలుగులో చెబుతున్నారు మామా అని మొరపెట్టుకున్నాను. ఆయన తాపీగా, వాళ్ళు మన కాలవ చూశారా, మన తూము చూశారా, వాళ్ళకేం తెలుసని పెట్టేశాడు.

ఆదివారం పొద్దున పదింటికి పెదనాన్న వాళ్ళింట్లో కూర్చున్నాం. పెదనాన్న తెల్ల చొక్కా వేసుకుని, కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నాడు. ఇంగ్లీషులో పెడదామని మెల్లగా అన్నాను, తాతకి అర్థం కావాలి గదా అని మనవరాలు అప్పటికే తెలుగు పెట్టేసింది. గుర్రాలొచ్చాయి. బావి వచ్చింది. పెద్ద టోపీ ఆయన నోట బంగారం సంగతి, వాటాల సంగతి తెలుగులో గడగడా వచ్చాయి. పెదనాన్న పది నిమిషాలు విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నేను నేల చూస్తూ, ఒప్పుకోవాల్సిన మాటలు నోట్లో కూడబలుక్కుంటున్నాను.

"ఆ కూతలు ఆపమ్మా" అన్నాడు మనవరాలితో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏందిరా ఇది? వీళ్ళకి కథ చానా తప్పు తెలుసు. తెలిసినోడెవడూ దొరకలేదేమో. నువ్వు చెప్పు."

మనవరాలు శబ్దం తీసేసింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నా గొంతు, ఆ ఇంట్లో, పద్దెనిమిదేళ్ళ వాడి గొంతైపోయింది. "ఈయన అన్న పెదనాన్నా. చాలా మంచివాడు" అని మొదలుపెట్టాను. కొన్నిచోట్ల నేను కథ మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు. కాదురా, ఇక్కడ లస్కరొస్తాడని ఒకసారి, అవి విత్తనాల మూటలని ఇంకోసారి అందించాడు. చిన్న టోపీ వాడు కనిపించినప్పుడల్లా కుర్చీలో ముందుకు వంగాడు. టోపీ నేల మీద పడింది. తమ్ముడూ, ముందు నీ చేను తడవనీ అన్నాను. గుర్రాలు పోయాయి, పేర్లు పడ్డాయి.

"ఆ తర్వాత?" అన్నాడు.

"అన్నం తిని పోదాం రా అన్నాడు."

"ఎవరు?"

"తమ్ముడే పెదనాన్నా."

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆఁ. వాడే పిలిచాడు" అని, మనవరాలితో మాస్టారుకి అన్నం పెట్టమన్నాడు. ఇక ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

తిరిగొస్తూ బస్టాండు వెనక్కి వెళ్ళాను. షెడ్డు లేదు, రేకుల పాక లేదు, అక్కడ సెల్ ఫోన్ల కొట్టు ఉంది. అక్కడే మైకు పట్టుకుని మాట్లాడిన ఆ ఇంటర్ తప్పినవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో వాడికి రాని ఇంగ్లీషంతా నేర్చుకున్నాను గానీ, వాడు ఆ రోజు చెప్పినంత మంచి తెలుగు నాకు మళ్ళీ రాలేదు.